అడకత్తెర గురి

ఈ కథ నాకు మొదట చెప్పింది మా మేనమామ దాలయ్య. కోటలో తుపాకులకి నూనె రాసినవాడు. వేరేవాళ్ళు వేరేగా చెబుతారు, అది తప్పు.

బొండవలస రాజుగారికి ముత్తాతల నాటి తుపాకి ఒకటి ఉండేది. దసరానాడు దాంతో వేలాడే కొబ్బరికాయని కొట్టడం ఆనవాయితీ. ఒక ఏడు గుండు జానెడు ఎడమకి పోయి, పక్కనే దిష్టికి కట్టిన గుమ్మడికాయకి తగిలింది. వచ్చిన చుట్టాలు నవ్వారు.

"వచ్చే దసరాకి ఇది సూటిగా కొట్టాలి. ముత్తాతగారి సొత్తు మీద గీత కూడా పడకూడదు" అన్నారు రాజుగారు.

ఆయుధశాల సర్దారు భుజంగవర్మ మీసం దువ్వాడు. "తుపాకిలో లోపం లేదు ప్రభూ. కాయనే వంకరగా కట్టారు."

రాజుగారికి తాంబూలం చుట్టే అడపం గవరయ్యకి నోరు ఊరుకోలేదు. "అయితే వచ్చే ఏడు గుమ్మడికాయ ఉన్నచోట కొబ్బరికాయ కడితే సరి."

సర్దారు మొహం కందిపోయింది. "ఒరే, నువ్వు బాగుచెయ్యి చూద్దాం. చేస్తే ఏడాదిపాటు నీ వక్కల సంచి నేను మోస్తా. చెయ్యలేకపోతే కోట వదిలి పో."

గవరయ్యకి కోట తప్ప కొంప లేదు. అయినా సరేనన్నాడు.

అరిగిన అడకత్తెర ఒకటి తీశాడు. దాని అంచు అరగదీసి, లోపల తోలు అంటించి, ఒక రెక్కకి బెజ్జం పెట్టి మర బిగించాడు. దసరానాడు సభలో దాన్ని తుపాకి మూతికి పట్టించి మర తిప్పాడు. మూతి మీద గురి చూసే ఇత్తడి గింజ, దాని గాడిలో వెంట్రుకవాసి ఎడమకి జరిగింది.

సర్దారు పకపకా నవ్వాడు. "గుండు ఎడమకి పోతుంటే గింజనీ ఎడమకే తోస్తున్నాడు!"

"గింజ ఎడమకి పోతే, దాన్ని కాయ మీద నిలపడానికి ప్రభువులు మూతిని కుడికి తిప్పాలి గదా బాబూ. తప్పు ఎటు పోతే గింజని అటే తొయ్యాలి."

రాజుగారు పేల్చారు. కాయ పగిలి నీళ్ళు కారాయి. తుపాకిని ఎండలో అటూ ఇటూ తిప్పి చూశారు. గీత లేదు.

"సర్దారూ, ఇప్పుడేమంటావు?"

సర్దారు భుజం వంచాడు. గవరయ్య వక్కల సంచి ఆయన భుజానికి తగిలించి చెప్పాడు:

"అడకత్తెరలో పోకచెక్క ఏమంటుంది ప్రభూ?"

సభ గొల్లుమంది. రాజుగారు కూడా నవ్వి, గవరయ్యకి వెండి అడకత్తెర ఇప్పించారు.

ఆ తోలు అంటించిన అడకత్తెర ఇప్పటికీ కోటలో అద్దాల పెట్టెలో ఉంది. కింద చీటీ మీద "సర్దారు భుజంగవర్మగారి పనిముట్టు" అని ఉంది. నాకు అక్షరాలు కూడబలుక్కుంటేగాని రావు, అందుకే మూడుసార్లు కూడబలుక్కున్నాను. అదే ఉంది. ఆ చీటీ రాసినాయన ఎదురుపడితే, అడిగే ధైర్యం లేక నేను పక్క సందులోకి తిరిగిపోతాను. చదువొచ్చినవాళ్ళు ఎవరైనా వెళ్ళి, ఆ పేరు కొట్టేసి అడపం గవరయ్య అని రాయండి.