దులిపిన చేతులే మోసిన పల్లకి

అనగనగా ఓ మద్దిచెట్ల అడవి. దానికి రాజు ఎలుగుబంటి, మంత్రి కాకి. రెక్కల మీద కళ్ళలాంటి మచ్చలున్న పెద్ద చిమ్మట తొలకరికి ఎక్కడ కనిపించినా, వనదేవత బిడ్డ అంటూ దాన్ని ఆకుపల్లకిలో సభకు మోసుకురావడం అక్కడి ఆచారం.

ఆ అడవిలోనే దసలి అనే పచ్చటి పురుగు ఉండేది. ఓనాడు అది మద్దాకు కొరుకుతుంటే మంత్రి చూశాడు.

"ఛీ, ఆకుదొంగ! రాజుగారి నీడంతా తినేస్తోంది. పురుగులన్నిటినీ దులిపెయ్యండి!" అని కోతులను పురమాయించాడు.

రాలిన పురుగులు ఎక్కడికి పోయాయి? మంత్రిగారి పొట్టలోకే! దసలి మాత్రం గడ్డిలో నక్కి, మళ్ళీ చెట్టెక్కింది.

కొన్నాళ్ళకు అది తన చుట్టూ తానే గూడు అల్లుకుని, ఆ గూటిని కొమ్మకు గట్టిగా కట్టుకుంది.

"ఎండుకాయ! పీకెయ్యండి," అన్నాడు మంత్రి.

కోతులు వేలాడి లాగినా గూడు ఊడలేదు. లోపల దసలి బిక్కుబిక్కుమంటూ గడిపింది.

తొలకరి పడింది. దసలి కళ్ళ మచ్చల చిమ్మటగా మారి, గూట్లోంచి బయటికొచ్చి దాని మీదే రెక్కలు ఆరబెట్టుకుంటుంటే డప్పులు మోగాయి. దులిపిన కోతులే పల్లకి పట్టాయి! సిగ్గూ శరమూ ఉండొద్దూ?

సభలో మంత్రి పూలదండ వేసి, వంగి వంగి దండాలు పెట్టాడు. "అమ్మా, తేనె సేవించండి."

దసలికి ఒళ్ళు మండింది. "తినడానికి నాకిప్పుడు నోరే లేదు. అడగడానికి మాత్రం ఉంది. మహారాజా! నాది నాలుగు రోజుల బతుకు. ఈలోగా గుడ్లు పెట్టాలి. వాటిలోంచి పుట్టేది పురుగులే. పిల్లల్ని దులిపించి తల్లికి దండ వేస్తారా? ఆ ఆకుదొంగను నేనే!"

"అబద్ధం! ఆ పురుగెక్కడ, తమరెక్కడ!" అని మంత్రి అరిచాడు.

"మీ కోతులు నన్ను దింపింది ఏ గూటి మీదినుంచో, దాన్ని తెప్పించి చూడండి."

కోతులు కొమ్మనే విరిచి తెచ్చాయి. రాజు గోళ్ళతో గూడు చీల్చాడు. లోపల ముడతలు పడిన పురుగుతోలు ఉంది. రాజు తల దించుకున్నాడు.

"తల్లీ, ఏడాదికోసారి మొక్కి, మిగతా రోజులంతా తొక్కాం. ఇక మద్దిచెట్టు దులిపినా, దులిపించినా ఈ అడవిలో చోటు లేదు. మంత్రీ, ముందు నువ్వు బయల్దేరు!"

దసలి దండ తీసి పక్కన పడేసింది. ఎగిరి వెళ్ళి మద్దాకుల మీద గుడ్లు పెట్టి, అక్కడే కన్నుమూసింది. కొన్నాళ్ళకు ఆ కొమ్మల్లో కరకర చప్పుడు వినబడింది. ఎవరూ చెట్టు దులపలేదు.

అందుకే పిల్లలూ, రెక్కలొచ్చాక పట్టే పల్లకి కంటే, పురుగుగా ఉన్నప్పుడు తిననిచ్చిన ఒక్క ఆకే అసలైన మర్యాద.