మద్దిలేటి లేపిన దుమ్ము

వెనకటికి కర్నూలులో మద్దిలేటి అనే మోటారు సైకిల్ పందెగాడు ఉండేవాడు. అతనికి ముందుకు దూసుకుపోవడమే తప్ప, వెనక ఎవరు ఏమవుతున్నారో చూసే అలవాటు లేదు.

మోటారు సైకిళ్లు ఊళ్లలోకి కొత్తగా వచ్చిన రోజులవి. మద్దిలేటి నలుగురు కుర్రాళ్లను కూడగట్టి ‘గద్దలు’ అని ఒక జట్టు పెట్టాడు. ఊరి బయట గుండ్రంగా మట్టిబాట చదును చేశారు. ఆ పందెపు బండ్లకు బ్రేకులు ఉండవు. మలుపు వచ్చినప్పుడు ఎడమకాలు నేలకు ఆనించి, బండిని పక్కకు జార్చుకుంటూ తిప్పాలి. చూడడానికి జనం తిరునాళ్లకు వచ్చినట్టు వచ్చేవారు.

పందేనికి ముందు బాట తడపాలా వద్దా అన్నది జట్టు నాయకుడి ఇష్టం. మద్దిలేటి తడపనిచ్చేవాడు కాదు. తడినేల మీద తన బండి వేగం తగ్గుతుందని అతని బాధ. ఎప్పుడూ ముందుండేవాడు కనుక అతని కంట్లో నలుసైనా పడేది కాదు. అతను లేపిన దుమ్మంతా వెనకవాళ్లు మింగేవారు. అందరికంటే ఎక్కువ మింగింది అతని జోడీ హుస్సేనయ్య. మద్దిలేటిని ఎవరైనా దాటబోతే అడ్డుపడి ఆపడం హుస్సేనయ్య పని. మద్దిలేటి గెలిచిన ప్రతి పందెంలోనూ సగం గెలుపు అతనిదే. కానీ ఆ మాట ఒక్కరూ అనలేదు.

బళ్లారి జట్టు వచ్చిన రోజు ఎండ మండిపోతోంది. బాట పిండి ఆరబోసినట్టుంది. హుస్సేనయ్య వచ్చి బతిమాలాడు.

“అన్నా, ఈ పొద్దన్నా నీళ్లు కొట్టిద్దాం. యెనకుండేటోళ్లకు ఏమీ కనపడదు.”

“దుమ్ము వద్దనుకుంటే నా ముందరికి రా,” అన్నాడు మద్దిలేటి.

పక్కనున్నవాళ్లు నవ్వారు. హుస్సేనయ్య కూడా నవ్వాడు, పాపం.

జెండా ఊపారు. మద్దిలేటి బండి మొరాయించి, కాస్త ఆలస్యంగా కదిలింది. ఆ కాస్తలోనే హుస్సేనయ్య అందరికంటే ముందుకు పోయాడు. దుమ్ము గోడలా లేచింది. దుమ్ము తిన్న అనుభవం ఉన్న బళ్లారి వాళ్లు వేగం తగ్గించారు. ఆ అనుభవం లేని మద్దిలేటి ఇంకా పెంచాడు. కళ్లు మండిపోతున్నాయి, ఎదుట ఏమీ కనిపించడం లేదు. మలుపులో చక్రం కింద ఏదో ఎత్తుగా తగిలింది. రాయి అనుకున్నాడు.

దుమ్ము అణిగాక చూస్తే అది హుస్సేనయ్య. మలుపులో జారిపడ్డ అతను పక్కకు తప్పుకునేలోపే మద్దిలేటి బండి అతని నడుం మీదుగా పోయింది.

ప్రాణం దక్కింది, నడుం దక్కలేదు. ఇక మంచం దిగలేడని డాక్టరు చెప్పాడు. మద్దిలేటి చాలా రోజులు ఆ గడప తొక్కలేకపోయాడు. చివరికి, తిట్టినా కొట్టినా పడదామని వెళ్లి మంచం పక్కన కూర్చున్నాడు. హుస్సేనయ్య తిట్టలేదు.

“నేను నీకు కనపడి ఉండనులే అన్నా,” అన్నాడు. “ఆ దుమ్ము ఎట్లుంటాదో నాకు తెలుసు.”

ఆ మాట కంటే చెంపదెబ్బ నయం. మద్దిలేటి ఏడ్చుకుంటూ బయటికి వచ్చాడు.

మరుసటి ఆదివారం నీళ్లబండి తానే తోలుకొచ్చి బాటంతా తడిపాడు. రవ్వంత దుమ్ము లేవలేదు. లేపేవాళ్లు కూడా ఎవరూ రాలేదు. తక్కిన కుర్రాళ్లు అప్పటికే బండ్లు అమ్ముకున్నారు. గద్దలు ఎగిరింది ఆ ఒక్క వేసవే. ఎండకు బాట మళ్లీ ఆరిపోయింది. మద్దిలేటి మాత్రం ఖాళీ నీళ్లబండి పక్కన అలాగే నిలబడి ఉన్నాడు.

ముందు నడిచేవాడు వెనకవాళ్ల కళ్లతో కూడా చూడాలి. తాను లేపిన దుమ్ము తన కళ్లలో పడ్డాక వచ్చే బుద్ధి ఎవరినీ కాపాడదు.