నక్క నోట్లో పళ్ళెన్ని?

చింతగుంట పాల కొట్టంలో ఒక గేదె ఉంది, పేరు కాటుకమ్మ. నేను అదే కొట్టం చూరు కింద గుడ్లు పెట్టే కోడిని. మా వాళ్ళ గొప్ప మేం చెప్పుకోకపోతే ఇంకెవరు చెబుతారు, వినండి.

పాలు పితికేటప్పుడు పాటలు పెట్టడానికని మా రైతు ఓ పాత ఫోను గుంజకు కట్టాడు. సాయంత్రం నాలుగయ్యేసరికి అందులో పది ఊళ్ళ జంతువులకు క్విజ్ పోటీ. ప్రశ్నలడిగేది చిలుక. అందరికంటే ముందు సరైన జవాబు నొక్కినవాళ్ళ పేరు, ఊరు పది ఊళ్ళకూ వినిపించేలా చదువుతుంది. ఒక్కసారి తన పేరు అలా చదివించుకోవాలని కాటుకమ్మ కోరిక. జవాబులన్నీ తెలుసు. కానీ ఆవిడకో అలవాటు. నెమరు వేస్తూ జవాబు పైకి గొణుక్కుని, ఆ తర్వాతే మూతితో నొక్కుతుంది. ఈలోగా తడిక అవతల నీడన తన ఫోను పట్టుకు కూర్చుని ఆడే నక్క నాగులు గెలిచేసేవాడు.

పదకొండు రోజులు ఇదే వరస. గెలిచిన ప్రతిసారీ నాగులు తడిక సందులో మూతి పెట్టి ఇకిలించేవాడు. "బుర్ర ఉంటే చాలదు కాటుకక్కా, చురుకుండాలి" అనేవాడు. దున్నపోతు మీద వాన అంటారు గానీ, ఆ మాట ఏడ్చినట్టే ఉంది. ఓడిన రోజున మా కాటుకమ్మ గడ్డిపరక ముట్టేది కాదు.

పన్నెండో రోజు చీమకు కాళ్ళెన్ని అని అడిగింది చిలుక. దూడ మీద ధ్యాసతో కాటుకమ్మ నాలుగని గొణిగి, నాలిక్కరుచుకుంది. అప్పటికే నాగులు నాలుగు నొక్కేశాడు. గెలుపు పక్కూరి మేకకు పోయింది. కాటుకమ్మ నెమరు ఆపి తడిక వంక చాలాసేపు చూసింది. వీడి తెలివంతా నా నోట్లోదేనన్నమాట, అని నాతో మెల్లగా అంది. రైతుకు తెలిసేలా గోల చేద్దామని నేను ఎగిరెగిరి పడ్డాను. వద్దంది.

మర్నాడు చిలుక అడిగిన ప్రశ్న, నక్కకు పై దవడలో ముందు పళ్ళెన్ని అని.

నాగులు తన నోరు తడుముకుంటే చాలు. కానీ ఇన్నాళ్ళూ చెవి తప్ప మరేదీ వాడనివాడికి ఆ ఆలోచన ఎక్కడిది? తడికకు చెవి ఆనించాడు. కాటుకమ్మ తీరిగ్గా నెమరు వేస్తూ, "ముందు పళ్ళా, పైన ఒక్కటీ ఉండదు" అని గొణిగింది. గేదె నోటికైతే అది నిజమే. నాగులు టక్కున సున్నా నొక్కాడు. మిగతా ఊళ్ళవాళ్ళు ఇంకా తలలు గోక్కుంటుండగానే కాటుకమ్మ మూతితో ఆరు నొక్కింది.

చిలుక ముందు నాగులు జవాబు చదివింది. తన నోట్లో పళ్ళే లేవన్న నక్కను తలుచుకుని పది ఊళ్ళూ విరగబడి నవ్వాయి. ఆ తర్వాత చదివింది, "విజేత కాటుకమ్మ, చింతగుంట పాల కొట్టం" అని. పెట్ట కూయకూడదంటారు. ఆ రోజు నేను గొంతు చించుకుని కూశాను.

నాగులు మళ్ళీ తడిక సందులోకి వచ్చాడు, ఈసారి మూతి బిగించుకుని. మా పళ్ళ లెక్క నీకెలా తెలుసని అడిగాడు.

"రోజూ నా ముందు ఇకిలించావు కదా తమ్ముడూ," అంది కాటుకమ్మ, "లెక్కపెట్టుకున్నాను."

అరువు తెలివికి అలవాటు పడ్డవాడు తన నోట్లో పళ్ళ లెక్క కూడా పక్కవాళ్ళనే అడుగుతాడు.