సున్నం పోసిన నేల

అన్న జిలానిని ఖననం చేసిన మూడోనాడు యాకూబ్ ఆదోనిలోని తన గురువు హకీం మక్బూల్ సాబు దవాఖానాకు వచ్చాడు. వచ్చీ రాగానే ఖాళీ మందుసీసా ఆయన ముందు పెట్టాడు.

“గుండెకని ఇచ్చిన దానిమ్మ తొక్క కషాయం, ఉస్తాద్. మీరు నేర్పిన కొలతే. అన్న లారీ ఎక్కే ముందు నేనే పోసిచ్చాను. నెలరోజులు ఒక్క పూట మానలేదు. అయినా గుండె ఆగిపోయింది.” అతని గొంతులో ఏడుపు కంటే కోపమే ఎక్కువగా ఉంది. “ఇదే మందు మీ చేత్తో ఇస్తే ఎందరికో మేలు చేసింది. మా అన్నకే ఎందుకు చెయ్యలేదు?”

“జిలాని ఏం తినేవాడు?”

“డ్రైవరు తిండి, ఉస్తాద్. దాబాల్లో నూనె కారే పూరీలు, రెండు పూటలా కొవ్వు మాంసం. ఆకుకూర, పప్పు ముట్టి ఏళ్లయింది.”

“మానమన్నావా?”

యాకూబ్ తల దించుకున్నాడు. “తనే అడిగాడు, మానెయ్యాలా అని. ఇష్టమైంది తినన్నా, నా మందుందిగా అన్నాను.”

హకీం సాబు పార తీసుకుని పెరట్లోకి నడిచాడు. కషాయం కాచాక మిగిలిన తొక్కల్ని యాకూబ్ అక్కడే పూడ్చేవాడు. జామచెట్టు మొదట్లో తవ్వితే నల్లటి మట్టి, వానపాములు తప్ప తొక్కన్నది కనపడలేదు. తర్వాత గోడ వార తవ్వాడు. వెల్ల వేసినప్పుడు మిగిలిన సున్నమంతా పారబోసిన చోటది. తొక్కలు గట్టిగా, పూడ్చినవి పూడ్చినట్టే ఉన్నాయి.

“రెండు చోట్లా ఒకే రోజు పూడ్చావు.”

యాకూబ్ ఒక తొక్కను చేతిలోకి తీసుకుని తిప్పి చూశాడు.

“అక్కడ దీన్ని మార్చే జీవాలున్నాయి. ఇక్కడ సున్నానికి చచ్చాయి.” అన్నాడు యాకూబ్. “కడుపులోనూ అలాంటివి ఉంటాయని, మందును పనికొచ్చేలా మార్చేది అవేనని మీరు చెప్పారు.”

“చెప్పాను. నువ్వు కొలత ఒక్కటే రాసుకున్నావు. మీ అన్న తిండి వాటికి సున్నమైంది.”

యాకూబ్ కళ్లు తుడుచుకున్నాడు. “ఈ నేల మళ్లీ బతుకుతుందా, ఉస్తాద్?”

“సున్నం పొయ్యడం మాని, ఆకూ అలమూ వేస్తూ ఉంటే బతకొచ్చు.”

“ఎన్నాళ్లకు?”

హకీం సాబు పార గోడకు ఆనించాడు.

“ఆ తిండి మానమని చెప్పి ఉంటే, మీ అన్న కూడా ఇదే అడిగేవాడు.”

యాకూబ్ జామచెట్టు కింద రాలిన ఆకులు ఏరి ఆ గుంటలో వేశాడు.