పెట్టెకు చెప్పిన మాట

నాగుల్‌మీరాకు కొన్నాళ్ళుగా ఒకటే దిగులు. తాతగారి కంప్యూటర్‌కు తాళం లేదు.

తాతగారంటే బాజీ తాత. ఎర్రగుంటపాడు దర్గా పక్కన చావడిలో ఉంటారు. దూదేకుల ఇంట పుట్టి, సూఫీ దారిలో నడిచిన మనిషి. మనసు బాగాలేనివాళ్ళు కులం, మతం చూసుకోకుండా ఆయన దగ్గరికి వస్తారు. ఆయన పెద్దగా చెప్పేదేమీ ఉండదు. వింటారు, అంతే. మన మాట అడ్డం రాకుండా చివరిదాకా వినే మనిషి ఎక్కడ దొరుకుతాడు చెప్పండి? అందుకే జనం.

అలాంటి మనిషికి చెవులు పోయాయి! దేవుడికి కూడా ఒక్కోసారి వేళాకోళం ఎక్కువే. పక్కన కూర్చుని అరిస్తే తప్ప ఆయనకు వినపడదు. కడుపులో బాధ ఎవరైనా అరిచి చెప్పుకుంటారా, అదీ చావడి నిండా మనుషులుండగా?

దానికి ఉపాయం కనిపెట్టింది నాగుల్‌మీరానే. నరసరావుపేటలో కంప్యూటర్ కోర్సు చేసి, ఉద్యోగం మీద మనసు పోక తాతగారి దగ్గర చేరిన శిష్యుడు. లోపలి గదిలో ఒక మైకు పెట్టాడు. వచ్చినవాళ్ళు తలుపేసుకుని, బటన్ నొక్కి, చెప్పుకోవలసింది చెప్పుకుని వెళతారు. అది కంప్యూటర్‌లోకి ఎక్కుతుంది. సాయంత్రం నమాజయ్యాక తాతగారు హెడ్‌ఫోన్లు తగిలించుకుని, సౌండ్ నిండా పెంచుకుని ఒక్కొక్కటీ వింటారు. మర్నాడు ఆ మనిషిని పిలిచి ఏదో ఒక ముక్క చెప్తారు, లేదంటే తలమీద చెయ్యి వేసి పంపుతారు. ఊళ్ళోవాళ్ళు ఆ గదికి 'పెట్టె' అని పేరు పెట్టేశారు. "పెట్టెకు చెప్పుకొచ్చా" అని ఎవరైనా అంటే, ఏం చెప్పావని రెండోవాళ్ళు అడగరు. అదొక మర్యాదైపోయింది.

నాగుల్‌మీరా కూడా ఆ మాటలు ఎన్నడూ వినేవాడు కాదు. తాతగారికి పెట్టి ఇచ్చి, బయటికొచ్చి కూర్చునేవాడు. ఆ మాట ఒప్పుకోవాలి.

ఒకరోజు తాతగారి చెవి దగ్గర నోరు పెట్టి, "తాతా, దీనికి తాళం వెయ్యాలి!" అని అరిచాడు.

"గదికి ఉందిగా నాయనా."

"గదికి కాదు తాతా, లోపలున్న మాటలకి! కంప్యూటర్ ఎత్తుకుపోయినా ఒక్క ముక్క అర్థం కాకూడదు!"

తాతగారు గడ్డం నిమురుకున్నారు. "ఎవరు ఎత్తుకుపోతారు?"

"దొంగలు! ఇంటికే రానక్కర్లా. ఎక్కడో వేరే దేశంలో కూర్చుని ఇందులోకి దూరతారు!"

"అంత దూరం నించి వస్తారా మన కరువు కబుర్లకి!" అని తాతగారు నవ్వారు. "సరే, నీకు తెలిసిన పని. చేసెయ్."

మనవాడు చేశాడు. ఏ సాఫ్ట్‌వేర్ మంచిదో నలుగురినీ అడిగి, అసలైన చోటి నుంచే దించుకున్నాడు. కంప్యూటర్‌లో ఒక గట్టి అర చేసి, మాటలన్నీ అందులోకి చేర్చాడు. పాస్‌వర్డ్ చెప్తేనే ఆ అర తెరుచుకుంటుంది. లేకపోతే లోపలిదంతా గజిబిజి, ఎవడు చూసినా ఏడుపు ముఖం పెట్టుకుని పోవలసిందే. పని మధ్యలో కరెంటు పోతే ఉన్నదంతా పాడవుతుందని టెంటు హౌసువాళ్ళ ఇన్వర్టర్ అడిగి తెచ్చుకున్నాడు. తెరమీద పచ్చగీత చీమలా పాకుతుంటే కదలకుండా చూస్తూ కూర్చున్నాడు. పళ్ళెం ఒళ్ళో పెట్టుకుని అన్నం కూడా అక్కడే తిన్నాడు. ఎవరి ఊహకూ అందని పొడుగాటి పాస్‌వర్డ్ పెట్టి, దాన్ని కాగితం మీద కాకుండా మనసులోనే ఉంచుకున్నాడు.

పని బాగా చేశాడు. వంక పెట్టేందుకేమీ లేదు. చిక్కల్లా ఏమిటంటే, ఇంత బాగా చేసిన పని ఎవరికీ కనపడదాయె! తాళం పడ్డ కంప్యూటర్, పడని కంప్యూటర్ పైకి ఒకేలా ఉంటాయి. మనవాడికి లోపల పీకులాట మొదలైంది.

గురువారం నాడు దర్గాలో ఊదు వేసి, చక్కెర పంచాక, కుర్రకారు నలుగురు చావడి అరుగు మీద చేరారు. నాగుల్‌మీరా ఉండబట్టలేక తాళం సంగతి ఎత్తాడు.

సెల్లుల కొట్టు ఫిరోజు చప్పరించేశాడు. "నువ్వు తాళం వేశానంటే మేం నమ్మాలా? ఏదీ, చూపించు."

"రండి చూపిస్తా," అని లేచాడు నాగుల్‌మీరా.

అక్కడే మునిగాడు. తాళం పడిందని చూపించాలంటే ముందు తీసి చూపించాలి కదా. అర తెరిచాడు. లోపల పేర్లుండవు, వట్టి నంబర్లే. పేరు లేనప్పుడు ఏముంది అనుకున్నాడు. చేతికి వచ్చిన నంబరు నొక్కాడు. స్పీకర్లోంచి ఒక ఆడమనిషి గొంతు వచ్చింది.

"తాతా, మా పిల్లకి వాళ్ళ నాన్న చచ్చిపోయాడనే చెప్పి పెంచా. ఆయన బతికే ఉండాడు. బెజవాడలో ఇంకో సంసారం పెట్టుకుని..."

"చాలు," అని ఆపేశాడు నాగుల్‌మీరా. "విన్నారుగా? ఇప్పుడు చూడండి." అర మూశాడు. మళ్ళీ నొక్కాడు. గొంతు లేదు, పాడు లేదు, తెరమీద పిచ్చిగీతలు. ఫిరోజును కూర్చోబెట్టి నొక్కమన్నాడు. వాడు ఎన్ని తిప్పలు పడ్డా రాలేదు.

"అబ్బో! గట్టోడివేరా నువ్వు!" అన్నాడు ఫిరోజు. ఆ మాటకు మనవాడి ముఖం చాటంత అయింది.

ఒక్క రెండు మాటలే. పేరు లేదు, ఊరు లేదు. కానీ ఆ గొంతు తెలియనివాడు ఎర్రగుంటపాడులో ఉన్నాడా? అది పిండిమర కరుణమ్మ గొంతు. మర రొదలో పొద్దస్తమానం మాట్లాడి మాట్లాడి ఆమెకు మాటను సాగదీసి, చివర కొట్టినట్టు ఆపడం అలవాటు. డబ్బాలు పట్టుకుని ఆమె ముందు నిలబడని ఇల్లు ఆ ఊళ్ళో లేదు. అంత గొంతు ఉండబట్టే, పాపం, అందరికంటే ఆమెకే ఆ గది ఎక్కువ అవసరమైంది.

అరుగు మీది కుర్రాళ్ళలో ఒకడి చెల్లెలు, కరుణమ్మ కూతురు షారోను ఒకే క్లాసు. ఇక చెప్పేదేముంది.

మర్నాడు షారోను బడి నుంచి తిన్నగా పిండిమరకు వచ్చింది. ఆ పిల్ల నాన్న ఫొటోకు దండ వేసి పెరిగింది. ఏటా చర్చిలో ఆయన జ్ఞాపకార్థం ప్రార్థన పెట్టిస్తే ముందు వరసలో కూర్చుని ఏడ్చింది. గిరాకీలందరూ ఉండగానే, "అమ్మా, నాన్న బతికే ఉన్నాడా?" అని అడిగింది. కరుణమ్మ మర ఆపేసింది. ఆ పిల్ల పుస్తకాల సంచీతోనే వినుకొండ బస్సెక్కి పిన్ని ఇంటికి వెళ్ళిపోయింది. ఫోను చేస్తే ఎత్తడం లేదు.

తర్వాత కరుణమ్మ దర్గాకు వచ్చింది. నాలుగు దులుపుతుందనుకున్నాడు నాగుల్‌మీరా. దులిపినా బాగుండేది.

"అబ్బాయ్, ఆ పెట్టెలో నాది తీసెయ్," అంది. అంత చిన్న గొంతుతో ఆమె మాట్లాడటం అతను ఎప్పుడూ వినలేదు.

అతను అర తెరిచి, తీసేశాడు. మళ్ళీ పైకి రాకుండా చెరిపేసే పద్ధతి ఆ సాఫ్ట్‌వేర్లోనే ఉంది, అదీ నడిపించాడు. అయ్యాక, నోటికి అలవాటైన ముక్క కాబోలు, "ఇంక ఎవరికీ దొరకదక్కా," అనేశాడు. అన్నాక గాని ఏమన్నాడో తెలియలేదు.

కరుణమ్మ అతని వంక చూసింది. "అవునా," అంది. అంతే, వెళ్ళిపోయింది.

ఆ తర్వాత నాగుల్‌మీరాకు అన్నం సహించలేదు. సిగ్గుతో చచ్చిపోతున్నాడు. తాతగారికి చెప్పుకుంటే తప్ప బతకలేననుకుని చావడిలోకి వెళ్ళాడు. అక్కడ ఎప్పటిలాగే జనం. తాతగారి చెవిలో గుసగుసగా, "తాతా, తప్పు చేశా," అన్నాడు.

"వినపళ్ళా నాయనా."

కాస్త గొంతు పెంచాడు. ఇద్దరు ముగ్గురు తలలు తిప్పి చూశారు. నాగుల్‌మీరా నోరు మూతబడిపోయింది.

తాతగారు అతని ముఖం చూశారు. లోపలి గది వైపు చెయ్యి చూపించారు. "పెట్టెకు చెప్పు. సాయంత్రం వింటా."

ఆ గదిని తయారుచేసింది అతనే. వైర్లు లాగింది, మైకు బిగించింది అతనే. కానీ ఆ చాపమీద ఎప్పుడూ కూర్చోలేదు. తలుపేసి కూర్చుని బటన్ నొక్కాడు. ఎర్రదీపం వెలిగింది. లేచి గడియ సరిగా పడిందో లేదో చూసుకున్నాడు. మళ్ళీ కూర్చున్నాడు. కిటికీ అవతల ఎవరో దగ్గితే ఉలిక్కిపడి, ఆ మనిషి వెళ్ళిపోయేదాకా ఆగాడు. తాళం ఎంత గట్టిదో అతనికంటే ఎవరికి తెలుసు? పాస్‌వర్డ్ అతని మనసులోనే ఉందాయె. అయినా ఒకటే భయం. ఇది ఎవరైనా వింటే?

కరుణమ్మ కూడా ఇట్లాగే గడియ చూసుకుని ఉంటుంది. చూసుకుని, నమ్మి, చెప్పింది. ఆ ఆలోచన వచ్చేసరికి అతనికి ఏడుపు ఆగలేదు. ఏడుస్తూనే అంతా చెప్పాడు. గట్టోడివన్నప్పుడు తనకు ఎంత సంతోషమేసిందో, అది కూడా దాచకుండా చెప్పాడు.

సాయంత్రం తనే అర తెరిచి, హెడ్‌ఫోన్లు తాతగారి చేతికిచ్చాడు. రోజూలా బయటికి వెళ్ళలేకపోయాడు. వెనక గోడ దగ్గర నిలబడ్డాడు. తాతగారు కళ్ళు మూసుకుని విన్నారు. ముందున్న ఆ మౌనం, ఆ వెక్కిళ్ళు, ఏదీ ముందుకు జరపకుండా మొత్తం విన్నారు. అయ్యాక హెడ్‌ఫోన్లు తీసి ఒళ్ళో పెట్టుకున్నారు.

తిడతారేమోనని చూశాడు. దర్గా వదిలి పొమ్మంటారేమోనని చూశాడు.

తాతగారు వెనక్కి తిరిగారు. "నాయనా, ఇది ఇంకొకళ్ళకి వినిపించొచ్చా?" అని అడిగారు.

నాగుల్‌మీరా గోడకు ఆనుకుని అలాగే కిందికి జారి కూర్చుండిపోయాడు. తాతగారు తొందరపెట్టలేదు, జవాబు కోసం కూర్చున్నారు.

"కరుణమ్మక్కకి వినిపించండి తాతా!" అని చివరికి అరిచాడు. చావడిలో ఎవరు వింటున్నారో అతను చూసుకోలేదు. "ఆమె వినాలి!"

తాతగారు తల అడ్డంగా ఊపారు. "వినాలని మనం అంటే ఎట్లా? అడిగొస్తా. ఆమె వింటానంటేనే."

పొద్దున్నే చేతికర్ర తీసుకుని ఒక్కరే బయలుదేరారు. నాగుల్‌మీరా వెంట వస్తానంటే వద్దన్నారు. దర్గా గుమ్మంలో నిలబడితే పిండిమర చప్పుడు వినిపిస్తుంది. అది ఆగింది. ఎంతకీ మళ్ళీ మొదలు కాలేదు. ఆమె ఏదో చెప్తోందేమో, ఏడుస్తోందేమో, ఒప్పుకుంటోందేమో అని లోపల ఒకటే ఆశ. షారోను ఫోను ఎత్తిందేమో అని కూడా అనుకున్నాడు. కాసేపటికి మర తిరగడం మొదలైంది.

తాతగారు మెల్లగా నడిచొచ్చారు. భుజం మీది తుండుగుడ్డకు పిండి అంటుకుని ఉంది. అరుగు మీద కూర్చుని మోకాళ్ళు రాసుకున్నారు. నాగుల్‌మీరా అడిగే ధైర్యం లేక ఆయన ముఖం చూశాడు.

"ఇప్పుడు కాదంది నాయనా," అన్నారు తాతగారు.