ఆఖరివాడికి శ్రీ

కొండలు ఇప్పటికన్నా ఓ మూర ఎత్తు ఉండేవట. గెడ్డలు ఇప్పటికన్నా గట్టిగా మాట్లాడేవట. అప్పటి మాట ఇది. మా తాత పుట్టలేదు, ఆయన తాతా పుట్టలేదు. ఊ కొట్టేవాళ్లు ఊ కొట్టండి, కునికేవాళ్లు గోడకి చేరబడండి.

ఇప్పవలస అని ఒక ఊరు. ఊరి పక్కన గెడ్డ. గెడ్డంటే కొండ మీంచి దిగొచ్చే వాగు. ఎండాకాలం దాన్ని పిల్లి కూడా పాదం తడవకుండా దాటుతుంది. వానాకాలం ఏనుగు కూడా ఒక్క క్షణం ఆలోచిస్తుంది. ఆ గెడ్డకి అవతలి ఒడ్డున ఒక మట్టి అరుగు, అరుగు మీద తాటాకు పందిరి. అదే బడి. పన్నెండు మంది పిల్లలు, ఒక పంతులు, ఒక బెత్తం.

ఆ అరుగు అలికే మనిషి దాలమ్మ. మొగుడు లేడు, పిల్లల్లేరు. బడి పిల్లల ఇళ్లలో తలా ఒక పూట అంబలి పోసేవాళ్లు, అదే ఆమె బతుకు. కోడి కూయగానే లేచేది. గెడ్డ దాటేది. పేడ కలిపి అరుగంతా అలికేది. అలికి, చేతులు కడుక్కుని, మెట్టు కింద కూచుని, గెడ్డకేసి చూసేది.

దాలమ్మకి అక్షరం ముక్క రాదు. కానీ అడుగులు చదవడం వచ్చు. ఆరీ ఆరని అలుకు మీద పిల్లలు కాలు పెడితే గుర్తు పడకుండా ఉంటుందా? బొటనవేలు పక్కకి తిరిగిన అడుగు సిమ్మాద్రిది. మడమ ఆనని అడుగు అప్పలకొండది, అంటే వాడికి ముల్లు గుచ్చుకుంది, ఇంట్లో చెప్పలేదు. అప్పలకొండని చెవి పట్టుకుని మెట్టు కిందకి లాగేది. ముల్లు తీసి, పసుపు, ఆముదం అద్ది పంపేది. వాడు కుయ్యో మొర్రో అన్నా వదిలేది కాదు.

ఒక వానాకాలం అడుగుల్లో కొత్త సంగతి కనపడింది. అలుకు మీద నల్ల బురద. గెడ్డ దాటే రేవు దగ్గర ఉండేది ఎర్ర ఇసక. నల్ల బురద ఉండేది ఎగువన, మడుగు దగ్గర. అక్కడ పెద్దవాళ్లే దిగరు. పిల్లలు అడ్డదారిన పడి మడుగులోంచి వస్తున్నారన్నమాట!

ఎందుకొస్తున్నారో చెప్తాను. ఆ కాలపు బళ్లలో ఒక ఆచారం ఉండేది. పొద్దున అందరికన్నా ముందొచ్చినవాడి అరచేతిలో పంతులు సుద్దతో శ్రీ రాసేవాడు. రెండోవాడికి ఒక చుక్క పెట్టేవాడు. మూడోవాడికి ఒక దెబ్బ. నాలుగోవాడికి రెండు. అలా పెంచుకుంటూ పోతే పన్నెండోవాడికి పది దెబ్బలు. బడి మానితే మర్నాడు దానికి రెట్టింపు. అందుకని జ్వరమొచ్చినా వచ్చేవాళ్లు, కడుపు కాలుతున్నా వచ్చేవాళ్లు. ఒకడికి కళ్లకలక వస్తే మూడో రోజుకి బడిలో ఇరవై నాలుగు కళ్లూ ఎర్రబడేవి.

ఆ శ్రీ రోజూ సిమ్మాద్రిదే. ఆ పది దెబ్బలూ రోజూ తవిటమ్మవే. బడి మొత్తానికి ఒకతే ఆడపిల్ల తవిటమ్మ. ఇంట్లో పేడ తీసి, తమ్ముడికి అన్నం పెట్టి, రేవులో చూసి చూసి అడుగేసి వచ్చేసరికి ఆఖరయ్యేది.

దాలమ్మ మొదట పిల్లలకి చెప్పింది.

"ఒరే నాయనలారా, మడుగులో దిగకండిరా. రేవులోంచి రండి."

"రేవులోంచొస్తే శ్రీ పోద్ది మామ్మా," అన్నారు పిల్లలు.

దాలమ్మ తలూపింది. అరుగు అలికింది. గెడ్డకేసి చూసింది.

తరవాత తల్లిదండ్రులకి చెప్పింది.

"మీ గుంటలు తిండి నేకుండా, ఒల్లు సూసుకోకుండా మడుగులో పడొస్తన్నారు. కాస్త పట్టించుకోండి."

"మావోడికి శ్రీ ఒచ్చినాదంటే ఊరంతా సెప్పుకుంటన్నారు దాలమ్మా! పిల్లలన్నాక పరిగెట్టరేటి?" అన్నారు వాళ్లు.

దాలమ్మ తలూపింది. అరుగు అలికింది. గెడ్డకేసి చూసింది.

ఆఖరికి జోగయ్య పంతులికే చెప్పింది. జోగయ్య పంతులు చెడ్డవాడు కాదు. ఆయన చదువుకున్న బడిలోనూ అదే ఆచారం, ఆయన అరచేతులూ అలాగే వాచాయి. అలా వాస్తేనే చదువొస్తుందని ఆయన గట్టి నమ్మకం.

"అరుగు సంగతి నువ్వు చూసుకో, పిల్లల సంగతి నేను చూసుకుంటాను దాలీ," అన్నాడు.

దాలమ్మ తలూపింది. అరుగు అలికింది. కానీ ఆ రోజు గెడ్డకేసి చూస్తే కళ్లనిండా నీళ్లొచ్చాయి.

శ్రావణమాసంలో కొండ మీద వాన పడింది. తెల్లారేసరికి గెడ్డలోకి ఎర్రనీటి వరద దిగింది. పిల్లలు తడుస్తూ వచ్చారు. శ్రీ అప్పలకొండకి వచ్చింది. వాడి మొహం వెలిగిపోతోంది. అందరూ వాడినే చూస్తున్నారు. తవిటమ్మ ఎప్పటిలాగే ఆఖరున వచ్చి, దెబ్బలు తిని, చేతులు ఊదుకుంటూ మెట్టు దగ్గరికి వచ్చింది.

"మామ్మా, ఇయాల తొమ్మిదే!" అంది సంబరంగా.

దాలమ్మ కూడా నవ్వబోయింది. నవ్వు సగంలో ఆగిపోయింది. పది కావాలి కదా? పది కాకపోతే ఒకరు తక్కువ. చటుక్కున లేచి అరుగంతా చూసింది. బొటనవేలు పక్కకి తిరిగిన అడుగు ఎక్కడా లేదు.

"సిమ్మాద్రేడీ?"

"వాడు అందరికన్నా ముందే ఎల్లిపోనాడంట మామ్మా! రేతిరి జొరం. ఆళ్లమ్మ లేవకముందే లేచి ఎల్లిపోనాడంట," అంది తవిటమ్మ.

"అందరికన్నా ముందెల్లినోడు ఇంకా రానేదేటి పంతులుగోరూ?" అని అరిచింది దాలమ్మ.

పంతులు చేతిలో బెత్తం అలాగే ఉండిపోయింది.

దాలమ్మ పందిరికి కట్టిన తాడు ఒక్క లాగు లాగి విప్పేసింది. పందిరి ఓ పక్కకి ఒరిగి తాటాకులు పంతులి నెత్తిన పడ్డాయి. ఆయన వాటిని దులుపుకుంటూనే ఆమె వెనక పరిగెత్తాడు. పిల్లలూ పరిగెత్తారు.

మడుగుకి దిగువన మొగలిపొద. ఆ పొద వేళ్లు పట్టుకుని సిమ్మాద్రి వేలాడుతున్నాడు. అరిచే ఓపిక లేదు, పట్టుకునే ఓపిక అయిపోవస్తోంది. దాలమ్మ తాడు ఒక కొస నడుముకి చుట్టుకుంది. రెండో కొస పంతులి చేతికిచ్చింది. పంతులి వెనక పదకొండు మంది పిల్లలు తాడు పట్టుకున్నారు. వాచిన చేతులతో తవిటమ్మ కూడా పట్టుకుంది. దాలమ్మ ఎర్రనీటిలో దిగింది. నీరు నడుం దాటింది, రొమ్ము దాటింది, గడ్డం దగ్గర ఆగింది. పిల్లాడి జుట్టు దొరికింది. "లాగండ్రా!" అంది. లాగారు.

ఒడ్డు మీద వాడి ఒళ్లు పెనంలా కాలిపోతోంది. కళ్లు తెరిచాడు. ముడతలు పడిన అరచేయి చాపి అడిగాడు.

"నేనే ముందా మామ్మా?"

జోగయ్య పంతులు ఆ మాట విన్నాడు. బురదలో కూలబడిపోయి చిన్నపిల్లాడిలా ఏడ్చాడు. ఏడ్చి ఏడ్చి, "ఏం చెయ్యమంటావో చెప్పు దాలీ," అన్నాడు.

"ముందెవుడున్నాడో ఊరంతటికీ తెల్సు బాబూ. ఎనకాల ఎవుడున్నాడో ఎవులికీ తెల్దు. ఆ శ్రీయేదో ఆఖరోడికియ్యండి," అంది దాలమ్మ.

సరే అన్నాడు పంతులు. బెత్తం ఎత్తి గెడ్డలో పడేశాడు.

మర్నాడు ఏమైందంటారా? పొద్దెక్కింది, పిల్లలు రాలేదు. ఎండ నడినెత్తికొచ్చింది, రాలేదు. పంతులూ దాలమ్మా వెళ్లి చూస్తే, ఊరివైపు ఒడ్డున పిల్లలంతా వరసగా నించున్నారు. "నువ్వెల్లరా." "నువ్వే ఎల్లరా." అందరికీ ఆఖరు కావాలి మరి!

పంతులు నెత్తి కొట్టుకున్నాడు. దాలమ్మ మాత్రం పొట్ట పట్టుకుని నవ్వింది. నవ్వి, వరద తీశాక పందిరి తాడుకి ఇంకో తాడు ముడేసి, రేవు దగ్గర ఊరివైపు నేరేడు చెట్టుకీ బడివైపు రాయికీ బిగించి కట్టింది. ఇకనుంచి అందరూ తాడు పట్టుకుని ఒకేసారి దాటాలి. ఆఖరున నడిచేది రోజుకొకరు, వంతుల వారీగా. ఆఖరివాళ్లు అందరినీ చూసుకుని, వెనక ఎవరూ మిగల్లేదని నీళ్లలో కాలు పెట్టే ముందు గట్టిగా చెప్పాలి: "నా ఎనకాల ఎవులూ నేరు!"

ఎర్రనీరు వచ్చిన రోజు దాటడమే లేదు. ఆ రోజు బడికి సెలవు.

మొదటి వంతు తవిటమ్మది. అందరినీ దాటించి, అరిచి చెప్పి, బడికొచ్చి భయంభయంగా చేయి చాపింది. జోగయ్య పంతులు ఆ వాచిన అరచేతిలో, నొప్పి పుడుతుందేమోనని సుద్ద ఆనీ ఆనకుండా, శ్రీ రాశాడు. తవిటమ్మ ఆ పూట ఆ చేత్తో అన్నం తినలేదు, ఎడం చేత్తో తింది.

ఆ రోజునించి దాలమ్మకి పని పెరిగింది. అరుగు అలికి, మళ్లీ గెడ్డ దాటి ఇవతలికొచ్చేది. నేరేడు చెట్టు కింద నించుని ఒక్కొక్కరినీ ఆపేది.

"నుదురు సూపు. పొట్ట సూపు. పాదం సూపు."

నుదురు కాలితే ఇంటికి పంపేది. పొట్ట వెన్నుకంటుకుంటే కుండలో అంబలి పోసేది. పాదానికి దెబ్బుంటే పసుపు పెట్టేది. ఇంటికి పోయినవాడికి దెబ్బల భయం లేదు. ఆ రోజు శ్రీ వచ్చినవాళ్లు సాయంత్రం వాడింటి గుమ్మంలో నించుని పాఠం అప్పజెప్పి రావాలి. పదకొండు రోజులు మంచాన పడ్డ సిమ్మాద్రికి అలా పదకొండు పాఠాలూ అందాయి.

అందరూ తాడు పట్టుకున్నాక ఆఖరి పిల్లడు అరిచేవాడు.

"నా ఎనకాల ఎవులూ నేరు!"

వెనకాల నీళ్లలో దిగుతూ దాలమ్మ అనేది, "నేనున్నాను, నడు!"

ఎన్ని వానలు పడ్డాయో, ఎన్ని తాళ్లు చివికాయో, ఎన్ని కొత్తవి కట్టారో. ఆ గెడ్డ మళ్లీ ఒక్క పిల్లని ముట్టుకోలేదు. జోగయ్య పంతులు పోయాడు, ఇంకో పంతులొచ్చాడు. పన్నెండు మంది ముప్పై అయ్యారు. అందులో సగం ఆడపిల్లలు. దాలమ్మ నడుం వంగిపోయింది. ఒక మాఘమాసంలో నిద్రలోనే, ఎవరినీ కష్టపెట్టకుండా పోయింది.

మూడు రోజులు బడి లేదు. నాలుగో రోజు పిల్లలు రేవుకొచ్చారు. తాడు పట్టుకున్నారు. ఆ రోజు ఆఖరు వంతు సిమ్మాద్రి కూతురిది. అందరినీ చూసుకుంది.

"నా ఎనకాల ఎవులూ నేరు!" అని అరిచింది.

ఆగింది. వెనకనించి ఏ మాటా రాలేదు. గెడ్డ ఒక్కటే మాట్లాడుతోంది. ఆ పిల్ల కదల్లేదు. ముందున్న ఇరవై తొమ్మిది మందీ తాడు పట్టుకుని నీళ్లలో నించుండిపోయారు. ఆ పిల్లకి ఏడుపొచ్చింది. "నా ఎనకాల ఎవులూ నేరు," అంది మళ్లీ, చిన్నగా.

ఆ పక్కనే తవిటమ్మ నీళ్లు ముంచుకుంటోంది. ఇప్పుడు తవిటమ్మ ముగ్గురు పిల్లల తల్లి. నిండిన బిందె ఒడ్డున వదిలేసింది. చీర కుచ్చెళ్లు ఎగదోపుకుని నీళ్లలో దిగింది. దాలమ్మ గొంతుతో కాదు, తన గొంతుతోనే అంది.

"నేనున్నాను, నడు!"

పిల్లలు నడిచారు.

ఇప్పుడా గెడ్డ మీద వంతెనుంది. బడికి బస్సుంది. అయినా ఇప్పవలసలో పిల్లలు బడికెళ్లే ముందు గుమ్మంలో ఆగి నుదురు, పొట్ట, పాదం చూపించి వెళ్తారు. ఇప్పటికీ శ్రీ ఆఖరివాడికే. బస్సెక్కే ఆఖరి పిల్లడు మెట్టు మీద ఆగి, "నా ఎనకాల ఎవులూ నేరు!" అని అరుస్తాడు. ఆ మాట చెవిన పడ్డవాళ్లు ఎవరైనా సరే, దున్నేవాడు నాగలాపి, డ్రైవరు గేరు మీద చెయ్యాపి, పెళ్లికొడుకైతే పల్లకీలోంచి తల బయటపెట్టి, జవాబు చెప్పాల్సిందే. చెప్పేదాకా ఆ పిల్లడు కదలడు.

మీరూ ఎప్పుడైనా ఆ దారిన వెళ్తే, ఆ మాట వినపడితే, ఏమనాలో మీకిప్పుడు తెలుసు.