ఈరమ్మవ్వ కంటి బొమ్మ

కన్నీళ్లు కంట్లోంచి ఎటు పోతాయో చెప్పండర్రా? చెంప మీదికా? కాదు, ముక్కులోకి. అక్కడికో సన్నటి దారి ఉంది. అందుకే ఏడ్చినప్పుడు ముక్కు చీదుతాం. ఆ దారి పూడుకుపోయిందా, ఇక పొద్దస్తమానం నీళ్లు చెంప మీదే.

ఈరమ్మవ్వకు అదే జబ్బు. ఎక్కడ పూడిందో తెలిస్తేగాని డాక్టరు కత్తి పట్టడు. అందుకని పెద్దాసుపత్రిలో రవ్వంత రేడియేషన్ ఉన్న మందు చుక్క కంట్లో వేసి, అది ఎటు పోతోందో కెమెరాతో బొమ్మ తీసి చూస్తారు. పావుగంట తల కదలకూడదు. రెప్ప వేయొచ్చు, తుడుచుకోకూడదు.

పొద్దున అవ్వ కదిలింది. బొమ్మ చెడింది. ఆ రోజు మందు ఇంకొక్క విడతకే మిగిలింది. అదీ చెడితే ఆపరేషన్ వాయిదా, అవ్వ మళ్లీ బస్సెక్కి ఊరికి.

ఆ కెమెరా గదిలో పని నేర్చుకుంటున్న ఇంద్రాణికి ఒళ్లు మండిపోయింది. "చిన్నపిల్లలు నయం! చెబితే చెవినబెడితేనా?" అంటూ అవ్వ నుదుటి మీదుగా ప్లాస్టర్ లాగి కుర్చీకి అంటించేసింది.

కట్టేస్తారటర్రా, ఎనభయ్యేళ్ల మనిషిని!

"ఏమ్మే, లాడం కొట్టేకి ఎద్దును కట్టినట్టు కడతాండావే! నేనేమన్నా పొడుస్తానా?" అంది అవ్వ.

"పొడవక్కర్లేదు, కదలకుంటే చాలు!"

ముప్పయ్యేళ్లుగా ఆ గది చూసుకుంటున్న జోసఫ్ మాస్టారు ఆ గొడవ విని వచ్చారు. వంగి చూశారు. అవ్వ పొట్టి మనిషి. కెమెరా ఎత్తుకు కుర్చీ లేపేసరికి ఆమె కాళ్లు గాల్లో వేలాడుతున్నాయి.

మాస్టారు మూలనున్న చెక్కపీట తెచ్చారు. నేల మీద కూర్చుని, అవ్వ పాదాలు ఒక్కొక్కటే పట్టుకుని దాని మీద ఆనించారు.

"అయ్యో సామీ, నా కాళ్లు పట్టుకుంటివా!"

"ప్లాస్టర్ తియ్యి" అన్నారు మాస్టారు ఇంద్రాణితో.

"తీస్తే మళ్లీ కదులుతుంది మాస్టారూ! ఉన్నది ఒక్క విడత!" ఆ పిల్ల కోపం ఇంకా ఆరలేదు. "అయినా మనం తీసేది కంటి బొమ్మ. కాళ్లతో ఏం పని? అవి బొమ్మలో పడవు కదా!"

"పడవు. అందుకే నువ్వు చూళ్లేదు."

ఇంద్రాణి వెంట్రుక పీకకుండా నిదానంగా ప్లాస్టర్ తీసింది. చుక్కలు వేసింది. చెంపల మీద నీళ్లు కారుతున్నా పావుగంటా అవ్వ తల కదల్లేదు, చెయ్యి లేవలేదు. తెర మీద సన్నటి చార దిగి, ముక్కు మొదట్లో ఆగిపోయింది, గీత గీసినంత స్పష్టంగా.

ఇంద్రాణి మాత్రం తెర చూడలేదు. నేల మీద మోకరించి, పీట జరగకుండా రెండు చేతులా పట్టుకుని ఉంది.

ఇక జరగండర్రా. మీకు కథ చెబుతూ నేను సగం ఏరిన బియ్యం చాటలో అట్లాగే ఉన్నాయి.